గోడ దూకినవాళ్లు, గోడ మీద మొరిగిన కుక్క: గోల్కొండ ముట్టడిపై ఒక బొమ్మల కథ తయారైన తీరు

1687 వేసవిలో ఒక రాత్రి మొగలు సైనికులు గోల్కొండ కోట గోడకు నిచ్చెనలు వేసి చడీచప్పుడు లేకుండా ఎక్కసాగారు. ముందు ఎక్కినవాళ్లు గోడ పైకి చేరారు కూడా. అప్పుడు కోటలో తిరిగే ఒక ఊరకుక్క వాళ్లను చూసి మొరిగింది. కాపలావాళ్లు మేలుకున్నారు, దాడి విఫలమైంది. గోల్కొండ సుల్తాను తానాషా ఆ కుక్కకు బంగారు గొలుసు, రత్నాల పట్టెడ, జరీ అంగీ ఇప్పించాడు. ‘సే తబ్కా’ అనే బిరుదు కూడా ఇచ్చాడు. మూడు అంతస్తులది అని దాని అర్థం. ఆ దాడి నడిపిన మొగలు సేనాని ఫిరోజ్ జంగ్‌కు ఖాన్, బహదూర్, జంగ్ అని మూడు బిరుదులు ఉండేవి. ఔరంగజేబు చరిత్రను సంపుటాలుగా రాసిన జదునాథ్ సర్కార్ ఈ సంగతి చెప్పారు.

కోట చుట్టూ శత్రువు దిగి ఉండగా, శత్రు సేనాని బిరుదులను తెచ్చి కుక్క మెడలో వేసిన రాజు చేసిన పని రాజకీయ కార్టూనే. నేను ఇరవై ఏళ్లుగా బతుకుతెరువుగా చేస్తున్న పని కూడా అదే. అందుకే పార్టీ ఫిరాయింపుల మీద కుర్రవాళ్ల కోసం 16 పేజీల హాస్య కథ గీయమని ఒక ప్రచురణ సంస్థ అడిగినప్పుడు నేను వర్తమానాన్ని వదిలి గోల్కొండకు వెళ్లాను. చదవబోయేది ఇంటర్, డిగ్రీ విద్యార్థులు, అంటే మొదటిసారి ఓటు వేయబోయేవాళ్లు. ఆ పని ఎక్కడ తప్పింది, ఎలా సర్దుకుంది అన్నది ఇక్కడ రాస్తున్నాను. చారిత్రక హాస్యం గీయాలనుకునే కొత్తవాళ్లకు ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ముట్టడిలో ఏమి జరిగింది

తానాషా పేరు చెబితే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది భక్త రామదాసు చెర. ఆ తరువాతి పదేళ్ల కథ చాలామందికి తెలియదు. 1685లో మొగలు సేన హైదరాబాదు మీదికి వస్తున్నప్పుడు గోల్కొండ సర్వసేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీం శత్రువు వైపు చేరిపోయాడు. ప్రతిఫలంగా ఔరంగజేబు అతనికి మహబత్ ఖాన్ అనే బిరుదు ఇచ్చాడు. 1686లో తానాషా మంత్రులు అక్కన్న మాదన్నలు హతులయ్యారు. 1687 జనవరి చివర ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను చుట్టుముట్టాడు. ఫిరంగులు పని చేయలేదు, మందుపాతరలు ఎదురుతిరిగాయి, వానలు పడ్డాయి, బయట ఉన్న మొగలు దండులోనే తిండికి కటకట వచ్చింది. కానీ కోటలోపలి సర్దారులు ఒక్కొక్కరుగా అవతలికి వెళ్తూనే ఉన్నారు. చివరికి సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచం తీసుకుని ద్వారం తెరిచాడు. ఎనిమిది నెలలు నిలిచిన గోడ అలా లోపలి నుంచి పోయింది.

ఈ పన్నీ గురించి చదివిన రోజే నాకు కథ దొరికింది. అతను మొదట బీజాపూరు కొలువులో ఉండేవాడు. అక్కడి నుంచి మొగలుల దగ్గరకు వెళ్లాడు. మొగలులను వదిలి గోల్కొండకు వచ్చాడు. గోల్కొండను మళ్లీ మొగలులకు అమ్మాడు. 1967లో హర్యానాలో పార్టీలు మారేవాళ్లకు ‘ఆయారాం గయారాం’ అన్న మాట పుట్టడానికి 280 ఏళ్ల ముందే ఆ పాత్ర మన కోట ద్వారం దగ్గర నిలబడి ఉంది.

మొదటి ప్రతి

సరుకు ఇంత బలంగా ఉండి కూడా మొదటి ప్రతి విఫలమైంది. కారణం నేనే. రోజూ పాకెట్ కార్టూను గీసే చేతికి ముఖాలు గీయడం అలవాటు. సర్వసేనాని ఇబ్రహీంకు నేటి నాయకుడి ముఖం పెట్టాను, పన్నీకి ఇంకొకరి మీసం, నడక ఇచ్చాను. పెన్సిలు ప్రతిని మా ఇంట్లోనే కొందరు డిగ్రీ విద్యార్థుల చేత చదివించాను. మొదటి పేజీలోనే ముఖాలు గుర్తుపట్టి పెద్దగా నవ్వారు. నాకు సంతోషం కలిగింది. రెండో పేజీకి వచ్చేసరికి వాళ్లు కథ చదవడం మానేసి వాదించుకోవడం మొదలుపెట్టారు. ఆ పార్టీ నాయకుడిని గీశారు సరే, ఈ పార్టీ వాళ్లు చేయలేదా అని ఒకరు, మీరు ఎవరి మనిషో తెలిసిపోయింది అని ఇంకొకరు. నా వైపు తిరిగి అడిగిన ఆ అబ్బాయి కళ్లలో ఉన్న అపనమ్మకం నాకు ఇప్పటికీ గుర్తుంది. కుక్క మొరిగే పేజీ దాకా ఎవరూ రాలేదు.

వాళ్ల తప్పు ఏమీ లేదు. ముఖం కనపడగానే పాఠకుడు తన పక్షం వెతుక్కుంటాడు. నేను గీయవలసింది ఒక పని, ఒక అలవాటు. నేను గీసినది మనుషులను. దినపత్రికలో మూడో పేజీ కార్టూనుకు అది సరిపోతుంది, ఎందుకంటే దాని ఆయుష్షు ఒక్క రోజు. పుస్తకం అలా కాదు.

అప్పుడు నేను మళ్లీ తీసి చదివినది ఫ్రెంచి బొమ్మల కథల జంట గోసినీ, ఉడెర్జో 1976లో ప్రచురించిన ‘ఓబెలిక్స్ అండ్ కో’. ఆస్టెరిక్స్ కథలు క్రీస్తుపూర్వం 50 నాటి గాల్ దేశంలో జరుగుతాయి, కానీ అందులో నడిచేది ఇరవయ్యో శతాబ్దపు ఫ్రాన్సు. ఈ సంపుటంలో యుద్ధంతో లొంగని పల్లెను డబ్బుతో లొంగదీయాలని సీజర్‌కు ఒక కుర్ర ఆర్థికవేత్త సలహా ఇస్తాడు. ఆ పల్లెలోని ఓబెలిక్స్ చెక్కే పెద్ద రాళ్లను ఆ కుర్రవాడు ఎంత ధరకైనా కొంటూ పోతాడు. పల్లెలో అందరూ వేట, వంట మానేసి రాళ్లు చెక్కడంలో పడతారు. ఆ రాళ్లను అమ్ముకోవడానికి రోములో ప్రకటనలు, పోటీ ఉత్పత్తులు, నిషేధాలు, చివరికి మార్కెట్టు కుప్పకూలడం. ఆ కుర్రవాడి ముఖం అప్పటి ఫ్రెంచి ప్రధాని జాక్ షిరాక్‌ది.

నేను ఆ పుస్తకం మొదటిసారి చదివినప్పుడు షిరాక్ ఎవరో నాకు తెలియదు. అయినా పొట్ట పట్టుకుని నవ్వాను. రెండోసారి, నా విఫలమైన ప్రతిని పక్కన పెట్టుకుని చదివినప్పుడు దాని బలం ఎక్కడుందో అర్థమైంది. ఆ పుస్తకంలో ముఖాన్ని చెరిపేసినా ఒక్క నవ్వు కూడా తగ్గదు. అక్కరలేని వస్తువుకు గిరాకీ ఎలా పుట్టిస్తారు, అది ఎలా కూలుతుంది అన్న యంత్రం మొత్తం కథలోనే తిరుగుతోంది. ముఖం తెలిసినవారికి అదనపు నవ్వు, అంతే. నా ప్రతిలో ముఖం తీసేస్తే మిగిలేది తలపాగాలు మాత్రమే.

కీలు

రెండో ప్రతికి నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. నేటి రాజకీయం నుంచి తెచ్చే ప్రతి హాస్యానికీ ఆనాటి చరిత్రలో ఒక కీలు ఉండాలి. తలుపు కీలు మీద తిరిగినట్టు నవ్వు ఆ నిజమైన వివరం మీద తిరగాలి. కీలు దొరకకపోతే ఎంత మంచి హాస్యమైనా వదిలేయాలి. గోల్కొండలో మొబైల్ ఫోను గీస్తే ఒకసారి నవ్వుతారు. ఆనాడు నిజంగా ఉన్నదే నేటి దానిలా కనిపించినప్పుడు నవ్వి, ఆగి, మళ్లీ చూస్తారు.

మొదటి కీలు ఖిలాతు. కొత్తగా చేరిన సర్దారుకు మొగలు దర్బారులో గౌరవ వస్త్రం తొడిగేవారు. ఆ అంగీ తొడుక్కుంటే కొత్త యజమానిని ఒప్పుకున్నట్టే. దాని పక్కన నేటి కండువాను నేను గీయనే లేదు. పాఠకుడికి అదే గుర్తొస్తుంది. దీనికి ఒక దర్జీ పాత్రను కల్పించాను. మొగలు డేరా ముందు వరుసలో నిలబడిన సర్దారులకు కొలతలు తీసుకుంటూ, ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతాడు: “దొరా, పాత అంగీ ఎక్కడ పెట్టమంటారు?” మొదటివాడు “పారేయవయ్యా” అంటాడు. రెండోవాడు “తగలబెట్టు” అంటాడు. పన్నీ వంతు వస్తుంది. అతని వెనక నౌకరు పెద్ద పెట్టె మోసుకొస్తాడు. “మడిచి పెట్టెలో పెట్టు. బీజాపూరుది అడుగున ఉంది, దాని మీద పెట్టు. ఎప్పుడు ఏది అవసరమో.” మొత్తం పుస్తకంలో ఎక్కువమంది నవ్విన గడి ఇది.

రెండో కీలు వార్తలు రాసేవాళ్లు. మొగలు దర్బారులోనూ సుబాలలోనూ, అంటే రాష్ట్రాల్లోనూ, ఏమి జరిగిందో రాసి పంపే వాకియా నవీసులు ఉండేవారు. ఆ దర్బారు వార్తల చీటీలనే అఖ్బారాత్ అనేవారు. వాళ్లు ఉన్నారు గనుక నాకు పత్రికా భాష వాడుకునే హక్కు వచ్చింది. పన్నీ మొగలుల వైపు తిరిగి చేరినప్పుడు వాకియా నవీసు చీటీ మీద “సొంత గూటికి పన్నీ” అని రాస్తాడు. ఎందుకు మారారని అడిగితే పన్నీ చెప్పే జవాబు “నా స్వార్థం ఏమీ లేదు, జాగీరు అభివృద్ధి కోసమే”. తెలుగు పత్రికలు చదివే ఎవరికీ వివరణ అక్కరలేదు.

మూడోది గోడ. ఫిరాయించడాన్ని మనం గోడ దూకడం అంటాం. ఎటూ తేలనివాణ్ని గోడ మీద పిల్లి అంటాం. గోల్కొండ కథలో గోడ ఎలాగూ ఉంది. కుక్క కూడా ఉంది. అందుకని మొదటి నుంచి చివరి దాకా గోడ మీద ఒక పిల్లిని కూర్చోబెట్టాను. అది ఒక గడిలో లోపలికి చూస్తుంది, ఒక గడిలో బయటికి. దానికి మాట లేదు. ఏ పాత్రా దాన్ని పట్టించుకోదు, కుక్క తప్ప. దాడి రాత్రి కుక్క మొరిగినప్పుడు కాపలావాడు మొదట “పిల్లిని చూసి మొరుగుతోందిలే” అని మళ్లీ పడుకోబోతాడు. ఈ వేళాకోళం వేరే భాషలో పుట్టదు, అనువాదానికీ లొంగదు. అందుకే అది నాకు అన్నిటికంటే ఇష్టం.

కష్టపడి వెతికితే దొరికిన కీలు ఒకటి ఉంది. కందకం పూడ్చడానికి వేలకొద్దీ గోతాల్లో మట్టి నింపి వేయాలని నిర్ణయించినప్పుడు, మొదటి సంచీని ఔరంగజేబు వజూ (నమాజు ముందు చేసే శుద్ధి) చేసి తన చేతులతో కుట్టాడట. ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు నడిచాను. ఒక్క సంచీతో కందకం పూడదు. కానీ చక్రవర్తి చేతి కుట్టు ఆ పనికి ఆరంభం అని అందరూ చూడాలి. నేటి శంకుస్థాపనలో నాయకుడు వేసే తాపీడు సిమెంటు కూడా ఇదే కదా. పూర్తి పేజీ ఇచ్చాను: చుట్టూ అమీర్లు, సూదిలో దారం ఎక్కించడానికి నలుగురు, పక్కన వాకియా నవీసు “జహాపనా, అదే కుట్టు ఇంకొకసారి, కొంచెం ఇటు తిరిగి”. వెనక ఎక్కడో చిన్నగా, నడుము వంగిపోయిన కూలీలు మిగతా వేల సంచీలు కుడుతూ ఉంటారు. ఆ కూలీలను సిరా వేసేటప్పుడు చిన్న కుంచెతో ఒక్కొక్కరినీ విడిగా గీశాను. గుంపుగా గీయడం నాకు ఇష్టం లేకపోయింది.

తీసేసినవి

నియమం పెట్టుకుంటే నష్టమూ ఉంటుంది. మొదటి ప్రతిలో బాగా నవ్వు తెప్పించిన ఒక వరుస ఉండేది. ఫిరాయించిన సర్దారు మీద కాజీకి ఫిర్యాదు వెళ్తుంది. కాజీ “పరిశీలిస్తున్నాం” అంటాడు. గడి గడికీ అతని గడ్డం పెరుగుతూ నేల దాకా వస్తుంది. ఫిరాయింపుల నిరోధానికి 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది, 2003లో 91వ సవరణ మూడో వంతు చీలిక మినహాయింపును తీసేసింది, కానీ స్పీకరు ఎన్నాళ్లలో నిర్ణయించాలో షెడ్యూలులో గడువు లేదు. నా హాస్యం దాని మీదే. కానీ గోల్కొండలో అలాంటి ఫిర్యాదు, అలాంటి విచారణ లేవు. రాజు మనసు మారితే తల పోయేది. కీలు లేని తలుపు అది. మనసు చంపుకుని తీసేశాను. ఆ చట్టం సంగతి చివర ఒక పేజీలో మామూలు మాటల్లో రాశాను.

ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సారులో వినపడడం ఇంకొకటి. ఫోన్ల ట్యాపింగ్ మీద గీయడానికి ఎంత వీలుగా ఉందో ఎవరికైనా తడుతుంది. అందరికీ తట్టేదే గనుక వదిలేశాను.

మందుపాతరల ఘట్టం మాత్రం వేరే కారణంతో హాస్యం నుంచి బయటికి తీశాను. మొగలులు సొరంగాలు తవ్వి మందు నింపితే, కోటవాళ్లు లోపలి నుంచి ఎదురు తవ్వి మందు తీసేశారు. పేలినప్పుడు శిథిలాలు మొగలు సైనికుల మీదే పడి వందల మంది చనిపోయారు. గీతకు ఇది పళ్లెంలో పెట్టి ఇచ్చిన హాస్యం: వత్తి వెలిగించి చెవులు మూసుకున్నవాడు, గాలిలో ఎగిరిన చెప్పులు. అలాగే గీశాను, రెండు రోజులు బల్ల మీద ఉంచాను, చూడలేకపోయాను. చచ్చిపోయింది బిరుదుల కోసం గోడ దూకినవాళ్లు కాదు, జీతానికి తవ్వినవాళ్లు. అచ్చులో అక్కడ మాటలు లేని ఒక నల్లటి గడి ఉంది.

మతం గురించి ముందే ఆలోచించుకోవలసి వచ్చింది. ఈ ముట్టడిని ఒక మతం మీద ఇంకొక మతం యుద్ధంగా చదివేవాళ్లు నేడు చాలామంది ఉన్నారు. నిజంలో ఇది ఒక ముస్లిం చక్రవర్తి ఒక ముస్లిం సుల్తాను మీద చేసిన యుద్ధం. సుల్తాను మీద మోపిన నేరాల్లో బ్రాహ్మణ మంత్రులకు అధికారం అప్పగించడం, మరాఠా రాజు శంభాజీకి డబ్బు పంపడం కూడా ఉన్నాయి. అక్కన్న మాదన్నల హత్యను నేను హాస్యంలోకి తేలేదు. రెండు ఖాళీ ఆసనాలు గీశాను, కథ చివరి దాకా దర్బారులో అవి అలాగే ఉంటాయి.

భాష విషయంలో ఎక్కువ తడబాటు లేకుండా గడిచింది. ఆనాటి దర్బారులో పారశీకం, దక్కనీ, ఊళ్లలో తెలుగు. వాటిని అనుకరించకుండా మామూలు తెలుగే రాసి, పరిపాలన మాటలు మాత్రం అలాగే ఉంచాను: కచేరీ, జమాబందీ, హుకుం, తహసీల్దారు. ఇవి ఇప్పటికీ మన రెవెన్యూ కార్యాలయాల్లో బతికే ఉన్నాయి. బట్టలకూ ముఖాలకూ దక్కనీ సూక్ష్మచిత్రాలు చూసుకున్నాను. ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియంలో ఉన్న విట్సెన్ ఆల్బం 1680ల గోల్కొండలో తయారైనది. ఆ చిత్రాల్లో జామా (పొడవాటి అంగీ) మడతలు, నడికట్టు ముడి చూసి గీస్తే చేతికి ధైర్యం వచ్చింది. పాత్రల ముఖాలకు మాత్రం నేటి మనిషి ఎవరి పోలికా రాకుండా నా భార్య చేత ప్రతి పేజీ చూపించుకున్నాను. “ఇది ఎవరిలా ఉంది?” అని అడిగేవాణ్ని. ఆమె ఏ పేరు చెప్పినా ముక్కు మార్చేవాణ్ని.

అబ్దుర్రజాక్ లారీ దగ్గర చిక్కు

రెండో ప్రతిని వేరే విద్యార్థుల చేత చదివించాను. ఈసారి చివరి దాకా చదివారు. తమ ఊరి నాయకుడు అచ్చం పన్నీయే అని ఒకమ్మాయి అంది. ఆ పేరు నేను ఎన్నడూ వినలేదు. వాళ్లలో రెండు పార్టీల అభిమానులు ఉన్నారు, ఇద్దరూ పన్నీలో అవతలి పార్టీ వాణ్ని చూసి మొదలుపెట్టి, పెట్టె దగ్గరికి వచ్చేసరికి తమవాళ్లను కూడా చూశారు. అంతకంటే నేను కోరుకున్నది లేదు.

అయితే కథ ముగింపు మీద నాకు తృప్తి లేదు. ద్వారం తెరుచుకున్న రాత్రి పదిమందితో ఎదురు నిలిచిన గోల్కొండ సర్దారు అబ్దుర్రజాక్ లారీ ఒంటి మీద డెబ్బై గాయాలట. అంతకుముందు ఔరంగజేబు పంపిన ప్రలోభ పత్రాన్ని బురుజు మీద అందరి ముందూ చించి పారేసినవాడు. మరోవైపు తానాషా, పట్టుకోవడానికి వచ్చిన మొగలు అమీర్లను కూర్చోబెట్టి తాపీగా భోజనం చేసి వాళ్ల వెంట వెళ్లాడు. దౌలతాబాదు కోటలో బందీగా 1699లో చనిపోయాడు. నా ప్రతి లారీ కాగితం చించడంతో ముగిసేది. విశ్వాసానికి ఒక కుక్క, ఒక మనిషి. చూడడానికి బాగుంది.

ఒక చరిత్ర అధ్యాపకురాలు ఆ ప్రతి చదివి, తరువాత లారీ ఏమయ్యాడో రాయలేదేం అని అడిగారు. ఔరంగజేబు వైద్యులను పంపి అతన్ని బతికించాడు. కోలుకున్నాక కూడా కొలువు వద్దన్నాడు. కానీ చివరికి మొగలు కొలువులో చేరాడు, మన్సబు, అంటే హోదా, తీసుకున్నాడు. నాకు ఇది తెలుసు. కథ చెడుతుందని దాటవేశాను. ఆ మాట ఆవిడ ముందు ఒప్పుకున్నాను.

రాజ్యమే లేకుండా పోయాక కొత్త కొలువులో చేరడం ఫిరాయింపేనా? రాజు బతికే ఉన్నాడు, చెరలో. నాకు జవాబు తెలియలేదు, కనుక జవాబు గీయలేదు. చివరి పేజీ మార్చాను. అదే డేరా, అదే దర్జీ. లారీ కట్లతో నిలబడి ఉన్నాడు. దర్జీ ఎప్పటిలాగే “దొరా, పాత అంగీ ఎక్కడ పెట్టమంటారు?” అని అడుగుతాడు. లారీ తల పక్కన మాట బుడగ ఉంది, లోపల ఏమీ లేదు. గోడ మీద పిల్లి కూడా లేదు.

పుస్తకం తీసుకుని కళాశాలలకు వెళ్లినప్పుడు ఆ గడిని జిరాక్సు తీసి ఇచ్చి, బుడగ నింపమంటాను. “తగలబెట్టు” అని రాసేవాళ్లు ఉంటారు. “మడిచి పెట్టు” అనేవాళ్లు ఇంకా ఎక్కువ. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి “నా గాయాలకు కట్టు కట్టడానికి చింపేశారు కదయ్యా” అని రాశాడు. తరువాతి ముద్రణలో ఆ మాట వాడుకోవచ్చా అని అడిగాను. ఒప్పుకున్నాడు.